సుభానీ మాస్టారికి చదివి వినిపించిన రోజులు

మొన్న మంగళగిరిలో మా ఆఫీసు స్టోర్‌రూమ్ ఖాళీ చేస్తుంటే ఒక పాత కంప్యూటర్ పెట్టె నా చేతికొచ్చింది. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో ఎవరో తెచ్చి పడేసినది. పక్క మూత మరలు విప్పానో లేదో ముక్కులోకి ఘాటు కొట్టింది. వరసగా తుమ్ములు. ఫ్యాను రెక్కల మధ్య ఎర్రటి నూగు అట్టకట్టి ఉంది. “ఏంటండీ, దీన్లో ఎవరైనా కారం పోశారా?” అని పక్కవాళ్ళు నవ్వారు. నాకు కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. మిరప దుమ్ము కదా అని వాళ్ళు అనుకున్నారు, నేనూ అనుకోనిచ్చాను. నిజానికి ఆ ఘాటుతో పాటు సుభానీ మాస్టారు గుర్తొచ్చారు. ఆయన పోయి రెండేళ్ళయింది.

మాస్టారు మీలో ఎవరికీ తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే హైవే పక్కన ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఆయన కంప్యూటర్ గది చూసుకునేవారు. అంతకుముందు చాలా ఏళ్ళు పేటలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. పత్తి జిన్నింగు మిల్లుల్లో, కోర్టుల్లో, బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళు ఎంతోమంది ఆయన దగ్గర వేళ్ళు తిప్పడం నేర్చుకున్నవాళ్ళే. అక్షరాలు కనపడకుండా మీటల మీద తువ్వాలు కప్పి టైపు కొట్టించేవారట. టైపు మిషన్ల కాలం అయిపోయాక ఇన్‌స్టిట్యూట్ మూసేసి, యాభై దాటిన వయసులో పుస్తకాలు ముందేసుకుని కంప్యూటర్లు నేర్చుకున్నారు. డిప్లొమా అయిన వెంటనే నేను ఆయన కింద పనికి చేరాను. మాది పేట పక్కన పత్తి పండించే కుటుంబం. నాకు తొందరెక్కువ. ఇంట్లో అన్నం కూడా నిలబడే తినేదాన్ని.

ఆ గదిలో ఉన్నవి మూడే కంప్యూటర్లు, మూడూ వేరే ఆఫీసులు వద్దని వదిలేసినవే. కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ వాటి మీద నడిచేది కాదు. అందుకని మాస్టారు వాటిలో ఒక తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్ వేశారు. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపలి రాత విప్పి చూసుకోవచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు. బొమ్మలూ రంగులూ ఏమీ ఉండవు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. ఏ రైతు మిర్చి ఏ గదిలో, ఏ అంతస్తులో ఉందో, గదుల్లో చల్లదనం ఎంతుందో అన్నీ ఆ నల్ల తెర మీదే. మిర్చి బస్తాని మా దగ్గర టిక్కీ అంటారు. సీజన్లో ఆ షెడ్డులోకి లారీల కొద్దీ టిక్కీలు వచ్చేవి.

ఆ పాత మిషన్లకు సరిపడేట్టు ముందే తయారుచేసి పెట్టిన సాఫ్ట్‌వేర్ చాలాసార్లు దొరికేది కాదు. అప్పుడు మనుషులు రాసిన మూల రాతనే తెచ్చుకుని, మా మిషన్ మీద మేమే తయారుచేసుకోవాలి. అంగట్లో కారం ప్యాకెట్ కొనుక్కోవడానికీ, కాయలు ఎండబెట్టుకుని మరకు తీసుకెళ్ళి ఆడించుకోవడానికీ ఉన్న తేడా అనుకోండి. అందులో మూడు మెట్లు ఉంటాయి. మొదటిది కాన్ఫిగర్. అది మిషనంతా వెతికి, కావలసినవాటిలో ఏవి ఉన్నాయో ఏవి లేవో జాబితా చెబుతుంది. రెండోది మేక్, ఆ రాతను మిషన్‌కు అర్థమయ్యేట్టు మారుస్తుంది. మూడోది మేక్ ఇన్‌స్టాల్, తయారైనదాన్ని దాని చోట పెడుతుంది. మొదటి రోజే నేను ఈ మూడూ టకటకా కొట్టబోతే మాస్టారు నా చేతి మీద స్కేలుతో మెల్లగా తట్టారు.

“చదివావా?”

“ఏం చదవాలండీ?”

“మూటతో పాటు రీడ్‌మీ అని ఒక కాగితం పెట్టారుగా, రాసినోళ్ళు. చదవమని పేరు పెట్టి మరీ ఇస్తే, ఏం చదవాలంటావేందమ్మా?”

“ఇవన్నీ ఒకేలా ఉంటాయి కదండీ. ఆ మూడు ముక్కలేగా.”

“ముక్కలు ఒకటే. మిషన్లు ఒకటా? చదువు. పైకి చదువు, నేను వింటా.”

ఇంగ్లీషులో ఉన్నది చదవాలి, తెలుగులో అర్థం చెప్పాలి. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. ఎప్పుడైనా ఒక లైను మింగేస్తే వెంటనే పట్టుకునేవారు. మొదట్లో నాకు ఒళ్ళు మండిపోయేది. సాయంత్రం బస్సులో కూర్చుని ఈయన చాదస్తం గురించి మా అమ్మకు ఫోనులో చెప్పుకునేదాన్ని. ఇన్నేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన అలవాటు పోలేదని అనుకున్నాను.

అలా తయారుచేయడాన్ని మేం కట్టడం అనేవాళ్ళం. చేరిన రెండో నెలలో ఒక ప్రోగ్రామ్ కట్టబోతే మేక్ నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ ఆగింది. మూడోసారి కూడా అంతే. “రాసినవాడికే సరిగ్గా రాదండీ, దీన్లో తప్పుంది” అని తేల్చేశాను.

“ఇందాక ఎక్కడ ఆగింది?” అన్నారు మాస్టారు. చెప్పాను. “అంతకుముందు?” అదీ చెప్పాను. మూడుసార్లూ మూడు చోట్ల ఆగింది. “తప్పు రాతలో ఉంటే ప్రతిసారీ అక్కడే ఆగుద్దమ్మా. చోటు మారుతోందంటే మిషనే సొమ్మసిల్లుతోంది. వేడెక్కుతున్నట్టుంది, మూత తియ్” అన్నారు. మూత తీశాను. ఫ్యాను మిరప దుమ్ముతో పూడిపోయి ఉంది. నేను ఊరుకోక, వంగి ఉఫ్‌మని గట్టిగా ఊదాను. ఆ తర్వాత అరగంట సేపు నాకు లోకం కనపడలేదు. షెడ్డులో తొడిమలు తీసే కోటమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, “కళ్ళు నలపమాకే, నలపమాకే” అని అరుస్తోంది. మాస్టారైతే నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. “పత్తి చేలో పుట్టిన పిల్లవు గదా, పోన్లే, నీకేం తెలుసు” అన్నారు. తర్వాత పాత పెయింటు కుంచెతో దుమ్ము దులిపించి, మిషన్‌ని తోపుడు బండి మీద చల్లగది ముందున్న వసారాలోకి తోయించారు. అక్కడ శాలువాలు కప్పుకుని కూర్చున్నాం. ఈసారి మేక్ ఆగకుండా చివరిదాకా నడిచింది. బయటికి తెచ్చేటప్పుడు నీళ్ళ చెమ్మ పట్టకుండా మిషన్‌కి ప్లాస్టిక్ కాగితం చుట్టి, దాని మీద గోనెపట్టా కప్పించి, వేడి అలవాటయ్యేదాకా నన్ను ముట్టుకోనివ్వలేదు.

అలా ఏడాది దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం మాస్టారు షెడ్డులోంచి నడిచొస్తూ దారి పక్కన ఉన్న టిక్కీని తన్నుకుని పడ్డారు. టిక్కీ చిన్నదేం కాదు, నడుమెత్తు ఉంది. కోటమ్మా నేనూ లేపి కూర్చోబెట్టాం. మోచెయ్యి గీరుకుపోయింది. “చూసుకోలేదమ్మా” అన్నారు. అప్పుడు నాకు ఒక్కొక్కటే తట్టడం మొదలుపెట్టింది. టైపు కొడుతూ ఆయన తెర వంక చూసేవారు కాదు. టీ గ్లాసు కోసం బల్ల మీద చెయ్యి పాకించేవారు. ప్రతిదీ నాచేత పైకి చదివించేవారు. గదిలోకి వచ్చాక తలుపు దగ్గరికి వేసి అడిగేశాను.

“మాస్టారూ, మీకు కనపడ్డం లేదా?”

 “గ్లకోమా అంట. పక్కల నించి మూసుకొస్తోంది. గొట్టంలో నించి చూసినట్టుంటది. టైపంటావా, వేళ్ళకి కళ్ళెందుకు. చదవటమే కుదరట్లా.” కొంచెం ఆగి, “నీచేత చదివించింది అందుక్కూడా. కానీ అందుకొక్కదానికే కాదులే” అన్నారు.

ఆయన పడ్డ సంగతి ఓనరు గారిదాకా వెళ్ళింది. ఓనరు గారు చెడ్డమనిషి కాదు. గదిలోకొచ్చి, కుర్చీ అంచున కూర్చుని, ఇబ్బంది పడుతూనే చెప్పారు. “మాస్టారూ, ఫిబ్రవరిలో సరుకు దిగుద్ది. పొరపాటున ఒకరి టిక్కీలు ఇంకొకరికి ఎత్తించామంటే రైతులు మనల్ని ఊరుకోరు. అమ్మాయి ఒక్కదాని వల్ల కాదు. మీకూ వయసొచ్చింది. ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి, ఒకటో తారీఖు నించి ఎవర్నన్నా పెడదాం.” అప్పుడు జనవరి నెల మధ్యలో ఉన్నాం. ఆయన వెళ్ళాక మాస్టారు కిటికీ వైపు తిరిగి అన్నారు, “ఇంట్లో కూర్చుంటే నేనింక మనిషిని కాను సునీతమ్మా. పొద్దున లేచి చొక్కా తొడుక్కుని బస్సెక్కాలి నాకు. అంతకంటే ఏమీ అక్కర్లా.”

తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే ప్రోగ్రామ్ ఉందని నాకు తెలుసు. ఫోనుల్లో అలాంటి గొంతు అప్పటికే ఉంది. కానీ మాస్టారి పని ఉన్నది ఫోనులో కాదు, ఆ పాత పెట్టెలో. తెలుగు మాట్లాడే గొంతుతో సహా మొత్తం మూల రాత నుంచి కట్టుకోవచ్చని రెండు రోజులు వెతికి కనిపెట్టాను. ఆయనకు చెబితే ముఖం వెలిగిపోయింది. ఆదివారం పెట్టుకుందాం అన్నారు. మూడు గంటలకు ఓనరు గారిని కూడా వచ్చి చూడమన్నారు. ఆ గొంతు పలికితే మాస్టారు పనిలో ఉంటారు, లేదంటే ఒకటో తారీఖున ఇంటికి వెళ్ళిపోతారు. మా ఇద్దరికీ అది తప్ప వేరే ఆలోచన లేదు.

ఆదివారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. తెచ్చిన టీ ముట్టుకోకుండానే చల్లారిపోయింది. రీడ్‌మీ మొత్తం చదివాను. తర్వాత కాన్ఫిగర్ కొట్టాను. తెర మీద వందల లైన్లు పరిగెత్తి, చివర పదీ పన్నెండు లైన్ల జాబితా వచ్చింది. ఫలానాది ఉంది, ఫలానాది ఉంది, రెండు చోట్ల మాత్రం ‘నో’ అని ఉంది. ఇలాంటి ‘నో’లు ఎప్పుడూ ఉండేవే, వీటివల్ల మేక్ ఆగదు. పైగా టైము పది దాటింది. పైగా ఆయన పొద్దుటి నుంచి ఆ ఆశ మీదే కూర్చున్నారు. ఇప్పుడు ‘లేదు’ అన్న మాట ఆయన చెవిన వేయడం నాకు ఇష్టం లేకపోయింది.

“ఏమంది?” అన్నారు.

“అన్నీ ఉన్నాయండీ.”

“అన్నీ చదివావా?”

“చదివానండీ” అన్నాను. మేక్ కొట్టేశాను.

నాలుగు గంటలు పట్టింది. మధ్యలో క్యారేజీ విప్పుకుని తిన్నాం. ఆయన చాలా హుషారుగా, తన దగ్గర టైపు నేర్చుకున్న వాళ్ళ కథలన్నీ చెప్పారు. మూడు గంటలకు ఓనరు గారు వచ్చి నిలబడ్డారు. మాస్టారు కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతును లేపే మాట టైపు చేసి, ఎంటర్ నొక్కారు. ఏమీ వినపడలేదు. మళ్ళీ నొక్కారు. తెర మీద అక్షరాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. స్పీకరు గుబ్బ తిప్పి చూశారు, వైరు తడిమి చూశారు. ఓనరు గారు క్యాలెండరు వంక చూస్తూ నిలబడ్డారు. 

చివరికి మాస్టారే లేచారు. “మిమ్మల్ని ఆదివారం పూట రప్పించాను, ఏమనుకోమాకండి. ఒకటో తారీఖు నించి ఎవర్నన్నా చూసుకోండి” అని, గోడ పట్టుకుంటూ బయటికి నడిచారు.

వాళ్ళిద్దరూ వెళ్ళాక తెరను పైకి జరుపుకుంటూ పోయాను. పొద్దున వచ్చిన జాబితా కనపడింది. రెండు ‘నో’ల్లో మొదటిది దేనికో పనికిమాలినది. రెండోది ఆడియో. స్పీకరుకు శబ్దం పంపే సాఫ్ట్‌వేర్ ముక్క, లైబ్రరీ అంటారు, ఈ మిషన్‌లో లేదు, అందుకని శబ్దం లేకుండానే కడుతున్నానని అది పొద్దున్నే చెప్పింది. నేను చదవలేదు. మేక్ ఆగదని నేననుకున్నది నిజమే, అది మూగ గొంతును నాలుగు గంటల పాటు శ్రద్ధగా కట్టిపెట్టింది.

హైవే మీద బస్సుస్టాపుకు పరిగెత్తాను. మాస్టారు నిలబడి ఉన్నారు, ఏ బస్సు వస్తోందో పక్కవాణ్ణి అడుగుతున్నారు. రొప్పుతూనే అంతా చెప్పాను. చదవలేదని చెప్పాను. చదివానని అబద్ధమాడానని కూడా చెప్పాను. ఆయన నన్ను ఎప్పుడూ గట్టిగా ఒక మాట అన్నది లేదు. ఆ రోజు అన్నారు.

“నాకు పోయేది కళ్ళమ్మా, బుద్ధి కాదు. లేదు అంటే లేదని చెప్పటానికేం? లేకపోతే తెచ్చుకుంటాం. నువ్వు చెప్పకపోతే లేదన్న సంగతే నాకు తెలవదు గదా! నా మీద జాలిపడి చదివేదానివైతే అసలు చదవొద్దు.”

బస్సొచ్చింది. కండక్టరు చెయ్యందిస్తే ఎక్కి వెళ్ళిపోయారు. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. తిట్టినందుకు కాదు, ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా కాదనలేకపోయాను.

మర్నాడు నేను వెళ్ళేసరికి మాస్టారు అప్పటికే కుర్చీలో ఉన్నారు. పలకరింపు లేదు. “కాన్ఫిగర్ కొట్టు. మొదటి లైను నించి చదువు” అన్నారు. చదివాను. మధ్యాహ్నం దాకా చదువుతూనే ఉన్నాను. ‘నో’ వచ్చిన ప్రతిచోటా ఆగి, అదేంటో, అది లేకపోతే ఏమవుతుందో ఇద్దరం తేల్చుకుని అప్పుడు ముందుకు వెళ్ళాం. ఆడియో లైబ్రరీ తెచ్చి పెట్టాం. కాన్ఫిగర్ మళ్ళీ నడిపితే ఆ లైను చివర ‘యెస్’ వచ్చింది. దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. పాత ముక్కలన్నీ తుడిచి మళ్ళీ మేక్ పెట్టాం. మంగళవారం ఉదయానికి పూర్తయింది. ఆయన ఎంటర్ నొక్కారు. స్పీకరులోంచి, జలుబు చేసినవాడు పద్యం అప్పజెప్పినట్టు ముక్కుతో ఒక గొంతు లేచింది. వినసొంపుగా ఏమీ లేదు. మాస్టారు రెండు చేతులూ బల్ల మీద ఆనించి అలాగే ఉండిపోయారు. తర్వాత తన వాడుకకు తనే తెలుగులో రాసి పెట్టుకున్న సూచనల ఫైలు తెరిచి, దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఆ గొంతుతో చదివించుకున్నారు. నేను పక్కనే కూర్చున్నాను. అయిపోయాక నా వైపు తిరిగి, “ఇది ఒక్క ముక్క వదలదమ్మా” అన్నారు. నేను తల దించుకుంటే, నా నెత్తి మీద చెయ్యి వెతుక్కుని పెట్టి, “నువ్వూ వదలవులే ఇంక” అన్నారు. ఓనరు గారు వచ్చి వారం రోజులు పక్కన కుర్చీ వేసుకుని చూశారు. ఒకటో తారీఖున కొత్తవాళ్ళెవరూ రాలేదు.

మాస్టారు ఆ తర్వాత మూడు సీజన్లు పనిచేశారు. ఒకరి టిక్కీ ఇంకొకరికి పోయిందని ఏ రైతూ గొడవకు రాలేదు. రైతులకు కూడా ఆ ముక్కు గొంతు అలవాటైపోయి, “మీ వాడేమంటన్నాడు మాస్టారూ, నా సరుకు ఏ గదిలో ఉందంటా?” అని అడిగేవారు. ఆ మూడేళ్ళలో నేను ఆయన దగ్గర నేర్చుకున్నదే ఇవాళ నాకు మంగళగిరిలో ఉద్యోగం అయింది.

మూడో సీజన్ చివర ఒకరోజు మాస్టారు ఆలస్యంగా వచ్చారు. ముందురోజు కొడుకుతో కంటి ఆసుపత్రికి వెళ్ళొచ్చారు. చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టారు. కాగితం మీద ఉన్నది చదవడం మా మిషన్‌కు రాదు.

“మావాడు చదివాడు. అంతా బాగుందన్నాడు. వాళ్ళమ్మా అదే మాటంది. బాగుంటే నాతో అంత మెత్తగా మాట్లాడరు గదా. నువ్వు చదువమ్మా.”

విప్పి, లోపలే ఒకసారి చదువుకున్నాను.  ఆయన కళ్ళు మూసుకుని, మొదటి రోజుల్లో రీడ్‌మీ విన్నట్టే కూర్చున్నారు. చదివాను. ఎడమ కంటిలో చూపు లేదు. కుడి కంటిలో మిగిలింది బహు కొద్ది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది కూడా నిలుస్తుందని చెప్పలేము. చుక్కల మందు మానకూడదు. ఒక్కో లైనూ ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను. మధ్యలో ఆగి నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను.

“ఇంకేమన్నా ఉందా?”

“కింద డాక్టరు గారి సంతకం ఉందండీ. అంతే.”

 తర్వాత చెయ్యి చాపి కాగితం తీసుకుని, పాత మడతల మీదే మడిచి జేబులో పెట్టుకున్నారు.

“ఇంట్లో అందరికీ నేనంటే ప్రేమేనమ్మా. నాకు మంచే చదివి వినిపిస్తారు. అందుకే దీన్ని నీ దగ్గరికి తెచ్చా” అన్నారు.

ఇవాళ్టికీ ఎవరైనా నా చేతికి కాగితం ఇచ్చి ఇందులో ఏముందో చెప్పమంటే, ముందు నాకు భయం వేస్తుంది. కాసేపు ఆగి, మొదటి లైను నుంచి చదవడం మొదలుపెడతాను.